కాగితాలు లేని పాత ఆఫ్‌రోడ్ మోటారు సైకిల్: రిజిస్ట్రేషన్ ఎప్పుడు సాధ్యం, ఎప్పుడు కాదు

కొండదారుల్లోను, ఇసుక నేలల్లోను, రాళ్ళబాటల్లోను నడపడానికి అనువుగా రూపొందిన ఆఫ్‌రోడ్ మోటారు సైకిళ్ళ పట్ల యువతలో ఆసక్తి కొన్నేళ్ళుగా పెరుగుతూ వస్తున్నది. కొత్త వాహనం కొనే స్తోమత లేనివారు పాతవాటి వైపు చూడడం సహజం. అయితే మెకానిక్ షెడ్లలోను, పాత ఇనుము దుకాణాల్లోను, చేతులు మారిన బేరాల్లోను దొరికే ఇటువంటి వాహనాల్లో కొన్నింటికి రిజిస్ట్రేషన్ ధ్రువీకరణ పత్రం, అంటే వాడుకలో ఆర్.సి., ఉండదు. "ముందు బండి తీసుకెళ్ళండి, కాగితాలు తరువాత చూసుకుందాం" అనే మాట మీద డబ్బు చేతులు మారుతుంది. ఆ తరువాత రవాణా శాఖ కార్యాలయం చుట్టూ తిరగడం, వాహనం పోలీసుల అధీనంలోకి వెళ్ళడం, ఒక్కొక్కసారి కొన్నవారే కేసులో చిక్కుకోవడం జరుగుతున్నాయి. కాగితాలు లేని వాహనానికి రిజిస్ట్రేషన్ అసలు సాధ్యమా, సాధ్యమైతే ఏ మార్గంలో అన్న విషయమై మోటారు వాహనాల చట్టం, 1988, కేంద్ర మోటారు వాహనాల నియమావళి, 1989 ఏమి చెబుతున్నాయో పౌరుల అవగాహన కోసం ఇక్కడ వివరించడమైనది. ఈ రెండూ 1989 జూలై 1 నుంచి దేశమంతటా అమలులో ఉన్నాయి.

ముందుగా తేల్చుకోవలసిన ప్రశ్న

కాగితాల సంగతి తరువాత. ఆ వాహనం అసలు రోడ్డు కోసం తయారైనదా, కాదా అన్నది మొదట తేలాలి. చూపుకు ఒకే తీరుగా కనిపించే ఆఫ్‌రోడ్ మోటారు సైకిళ్ళలో చట్టం దృష్టిలో రెండు వేర్వేరు జాతులున్నాయి. ఈ తేడా తెలియకపోవడం వల్ల నష్టపోయినవారే ఎక్కువ.

మొదటి జాతి, రోడ్డు మీద, రోడ్డు దిగిన తరువాత కూడా నడిచేవి. 2011లో వచ్చిన హీరో ఇంపల్స్, 2016లో వచ్చిన రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్, 2019లో వచ్చిన హీరో ఎక్స్‌పల్స్ 200, 2024 చివర మన మార్కెట్లోకి ప్రవేశించిన కవాసాకి కె.ఎల్.ఎక్స్. 230 ఈ కోవకు చెందుతాయి. ఇవి కేంద్ర నియమావళిలోని 126వ నియమం ప్రకారం పుణెలోని ఏ.ఆర్.ఎ.ఐ. వంటి గుర్తింపు పొందిన పరీక్షా సంస్థలో నమూనా పరీక్షకు నిలిచి, ఆమోదం పొంది అమ్మకానికి వచ్చిన వాహనాలు. వీటిలో ప్రతి ఒక్కటీ అమ్మకం సమయంలోనే రిజిస్ట్రేషన్ అయి ఉండాలి. కాబట్టి ఇటువంటి పాత వాహనానికి "కాగితాలు లేవు" అంటే అర్థం కాగితాలు ఎక్కడో ఉన్నాయనీ, అవి అమ్మేవాని చేతిలో లేవనీ మాత్రమే.

రెండవ జాతి, కేవలం పోటీల కోసం, మూసి ఉన్న ట్రాకుల కోసం తయారైనవి. కవాసాకి కె.ఎక్స్. 250, కె.ఎక్స్. 450, సుజుకి ఆర్.ఎమ్.-జెడ్ శ్రేణి వంటివి మన దేశంలో అధికారిక డీలర్ల ద్వారానే అమ్ముడయ్యాయి. అయినా అవి రోడ్డు కోసం ఆమోదం పొందినవి కావు. ఇటువంటి వాహనానికి తయారీదారు ఇచ్చే ఇన్వాయిసు ఉంటుంది గాని, రోడ్డు యోగ్యతను, కాలుష్య ప్రమాణాల పాటింపును ధ్రువీకరించే ఫారం 22 ఉండదు. ఫారం 22 లేనిదే 47వ నియమం కింద కొత్త రిజిస్ట్రేషన్ దరఖాస్తు ముందుకు సాగదు. పాతదైనా, కొత్తదైనా, అన్ని కాగితాలూ భద్రంగా ఉన్నా, ఈ జాతి వాహనానికి నంబరు రాదు. ఇంకొక మార్గం ఉందని చెప్పేవారి మాట నమ్మదగినది కాదు.

దీపం, హారను, అద్దాలు, ఇండికేటర్లు తగిలిస్తే పోటీ బండి రోడ్డు బండి అవుతుందన్న అపోహ ఒకటి ప్రచారంలో ఉన్నది. ఇది తప్పు. నమూనా ఆమోదం అన్నది వాహనం మొత్తానికి సంబంధించినది. బ్రేకులు, శబ్దం, పొగ, ఛాసిస్, చివరకు వెనుక కూర్చునేవారి చీర చక్రంలో చిక్కుకోకుండా 123వ నియమం నిర్దేశించిన కవచం వరకు అన్నీ అందులో భాగమే. పైగా తయారీదారు పేర్కొన్న స్వరూపానికి భిన్నంగా వాహనాన్ని మార్చడాన్ని చట్టంలోని 52వ సెక్షన్ నిషేధిస్తున్నది. 2019 జనవరి 9న సుప్రీంకోర్టు ఈ సెక్షన్ పరిధిని స్పష్టంగా వివరించింది. అదే సంవత్సరం సవరణతో వచ్చిన 182-ఎ సెక్షన్ ప్రకారం యజమాని వాహనాన్ని అక్రమంగా మార్పు చేస్తే ఆరు నెలల వరకు జైలు లేదా ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ విధించవచ్చు.

మరి పోటీ బండి కొన్నవారు దానిని ఏమి చేయాలి? సొంత పొలంలోనో, ప్రవేశం నియంత్రించబడిన ట్రాకులోనో నడుపుకోవచ్చు. ట్రాలీ మీద అక్కడికి చేర్చాలి. దాని ఇన్వాయిసును, దిగుమతి వాహనమైతే కస్టమ్స్ పత్రాలను జాగ్రత్త చేసుకోవాలి. ఎందుకంటే రిజిస్ట్రేషన్ లేని వాహనానికి యాజమాన్యాన్ని రుజువు చేసే ఆధారాలు ఆ పత్రాలే. ఇన్వాయిసు కూడా లేని పోటీ బండిని కొనడమంటే, రేపు ఎవరైనా అది తనదని వస్తే చెప్పుకోవడానికి ఏమీ లేని స్థితిని డబ్బిచ్చి కొనుక్కోవడమే.

"రోడ్డు ఎక్కడం లేదు, కాబట్టి రిజిస్ట్రేషన్ అక్కరలేదు" అన్న వాదన మరొకటి. 39వ సెక్షన్ వాడిన మాట రోడ్డు కాదు, బహిరంగ ప్రదేశం. ప్రజలకు రాకపోకల హక్కు ఉన్న ఏ దారి అయినా, స్థలమైనా బహిరంగ ప్రదేశమేనని 2వ సెక్షన్‌లోని 34వ నిర్వచనం చెబుతున్నది. చెరువు కట్ట, పొలాల నడిమి డొంక, ఏటి ఒడ్డున బండ్ల బాట, కొండ మీది గుడికి వెళ్ళే మట్టి దారి, ఇవన్నీ ఆ నిర్వచనంలోకి వచ్చేవే. అభయారణ్యాల్లోకి అనుమతి లేని ప్రవేశాన్ని వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 వేరుగా నిషేధిస్తున్నది. చిన్నపిల్లల కోసమని అమ్మే చిట్టి మోటారు సైకిళ్ళ విషయంలో కూడా 25 ఘనపు సెంటీమీటర్లకు మించని ఇంజను ఉన్నవాటికే చట్టం మినహాయింపు ఇచ్చింది. 50, 65 సి.సి. బండ్లకు ఆ మినహాయింపు వర్తించదు. మైనరు నడిపి పట్టుబడితే 199-ఎ సెక్షన్ కింద తల్లిదండ్రులకు లేదా వాహన యజమానికి మూడేళ్ళ వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా పడవచ్చునని గమనించాలి.

నంబరు తెలిసిన వాహనం

రోడ్డు కోసం తయారైన వాహనమని తేలిన తరువాత చూడవలసినది రెండు సంఖ్యలను. ఒకటి ఛాసిస్ సంఖ్య, రెండవది ఇంజను సంఖ్య. ఛాసిస్ సంఖ్య సాధారణంగా హ్యాండిల్ కింద, ముందరి గొట్టం మీద చెక్కి ఉంటుంది. పదిహేడు అక్షరాలు, అంకెలు కలిసి ఉండే ఈ సంఖ్య మన దేశంలో తయారైన మోటారు సైకిళ్ళకు సాధారణంగా 'ఎమ్' అక్షరంతో, జపానులో తయారైనవాటికి 'జె' అక్షరంతో మొదలవుతుంది. బేరానికి వెళ్ళేవారు ఒక తెల్లకాగితం, పెన్సిలు వెంట తీసుకెళ్ళాలి. కాగితాన్ని సంఖ్య మీద పెట్టి రుద్దితే ముద్ర వస్తుంది. రవాణా శాఖ కూడా ఈ పద్ధతినే పాటిస్తూ వచ్చింది. అక్కడ ఆకురాయి గీతలు, కొత్త రంగు, ఒక అంకె మిగతావాటి కంటె లోతుగా ఉండడం వంటివి కనిపిస్తే బేరం అక్కడే ఆపి వెనుదిరగడం మేలు. రెండు పాత బండ్లను కలిపి ఒకటి చేసిన సందర్భాల్లో ఇంజను సంఖ్య ఒక వాహనానిది, ఛాసిస్ సంఖ్య మరొక వాహనానిది అయి ఉంటుంది. ఇంజను మార్పుకు ముందుగా అనుమతి పొంది ఆర్.సి.లో నమోదు చేయించి ఉంటేనే అది చెల్లుతుంది.

నంబరు ప్లేటు ఉన్నట్లయితే ఆ నంబరుతో కేంద్ర రవాణా మంత్రిత్వ శాఖ వారి ఎమ్-పరివాహన్ యాప్‌లో గాని, సంబంధిత రాష్ట్ర రవాణా శాఖ సేవల్లో గాని వివరాలు చూడవచ్చు. వాహనం రకం, రిజిస్ట్రేషన్ తేదీ, చెల్లుబాటు, బీమా వంటివి అక్కడ తెలుస్తాయి. ప్లేటు మీది నంబరు ఏదో స్కూటరుకు చెందినదని తేలిన ఉదంతాలు లేకపోలేదు. తరువాత జాతీయ నేర రికార్డుల బ్యూరో నిర్వహించే పౌర సేవలో నంబరు, ఛాసిస్ సంఖ్య, ఇంజను సంఖ్య ఇచ్చి, ఆ వాహనం పోలీసు రికార్డుల్లో దొంగిలించబడినట్లు ఉన్నదేమో చూసుకోవాలి. ఈ సేవ దేశవ్యాప్త రికార్డులపై ఆధారపడినది గనుక ఇతర రాష్ట్రాల నుంచి వచ్చిన వాహనాల విషయంలో ఎంతో ఉపయోగపడుతుంది.

ఆర్.సి. నిజంగా పోయి ఉంటే నకలు పొందడం కష్టం కాదు. 53వ నియమం ప్రకారం, పోయిన ప్రదేశం ఏ పోలీసు స్టేషన్ పరిధిలో ఉన్నదో అక్కడ ఫిర్యాదు ఇచ్చి, చివరగా వాహనం నమోదై ఉన్న రవాణా కార్యాలయానికి ఫారం 26లో దరఖాస్తు చేయాలి. ఇక్కడే చాలామంది గమనించని విషయం ఒకటున్నది. ఈ దరఖాస్తు చేయవలసినవారు రికార్డుల్లో యజమానిగా ఉన్న వ్యక్తి. కొన్నవారు కాదు. వాహనాన్ని తాను కొన్నాననీ, ఆర్.సి. తన వద్దనే పోయిందనీ కొనుగోలుదారు పోలీసులకు ఇచ్చే ఫిర్యాదు ఫలించదు సరికదా, తప్పుడు సమాచారం ఇచ్చిన దోషం మీద పడుతుంది. పాత యజమాని చేత నకలు తీయించి, ఆయన సంతకంతో ఫారం 29, కొన్నవారి సంతకంతో ఫారం 30 సమర్పించి యాజమాన్యం బదలాయించుకోవడమే సక్రమ మార్గం. 50వ సెక్షన్ ప్రకారం అదే రాష్ట్రంలో అమ్మినవారు 14 రోజుల్లోను, కొన్నవారు 30 రోజుల్లోను ఈ సమాచారం ఇవ్వాలి. ఇతర రాష్ట్రానికి అమ్మినప్పుడు అమ్మినవారికి 45 రోజుల గడువు ఉన్నది.

వంద రూపాయల బాండు పేపరు మీద రాయించి నోటరీ చేయించిన ఒప్పందం ఆర్.సి.కి బదులు కాదు. డబ్బు ఇచ్చినట్లు అది సాక్ష్యమిస్తుందే తప్ప, అమ్మినవానికి అమ్మే హక్కు ఉన్నదని చెప్పదు. ఒకే వాహనానికి ఇటువంటి ఒప్పందాలు నాలుగైదు, ఒకదాని వెనుక ఒకటి కుట్టి ఇస్తారు. ఆ గొలుసులో మొదటి కాగితం మీది పేరు, రవాణా శాఖ రికార్డులోని పేరు ఒకటే అయితే ఆ వ్యక్తిని వెదికి పట్టుకోవడానికి మాత్రం అవి పనికివస్తాయి. వెదికి పట్టుకోవడం చెప్పినంత సులభం కాదు. చిరునామాలు మారుతాయి, ఫోను నంబర్లు మారుతాయి. అయినా ముందుగా చేయవలసిన పని అదే. డబ్బు ఇవ్వడానికి ముందే ఆ యజమానితో మాట్లాడగలిగితే మిగిలిన చిక్కుల్లో సగం ఉండవు.

యజమాని మరణించి ఉంటే వారసులు 56వ నియమం కింద ఫారం 31 ద్వారా తమ పేరిట మార్పించుకొని ఆ తరువాతే అమ్మాలి. మరణించిన 30 రోజుల్లో సమాచారం ఇచ్చి, మూడు నెలల్లో దరఖాస్తు చేయాలని నియమం. తండ్రి పేరిట ఉన్న బండిని కుమారుడు నేరుగా అమ్మడం మన పల్లెల్లో మామూలే గాని, చట్టం దృష్టిలో అది అసంపూర్ణమైన విక్రయం. ఆర్.సి.లో నామినీ పేరు చేర్చుకునే వెసులుబాటు 2021లో వచ్చినందున ఇకపై ఈ చిక్కు తగ్గవచ్చు.

ఫైనాన్సు కంపెనీలు స్వాధీనం చేసుకొని యార్డుల్లో వేలం వేసే వాహనాల కథ వేరు. వాయిదాలు కట్టలేని యజమాని బండి పోగొట్టుకున్నాడే గాని ఆర్.సి. ఇవ్వలేదు. ఇటువంటి సందర్భం కోసమే 51వ సెక్షన్‌లో ఏర్పాటు ఉన్నది. ఫైనాన్సు సంస్థ ఫారం 36లో దరఖాస్తు చేస్తే, రవాణా అధికారి పాత యజమానికి నోటీసు ఇచ్చి, ఆయన వాదన చెప్పుకునే అవకాశం కల్పించి, పాత ఆర్.సి.ని రద్దు చేసి సంస్థ పేరిట కొత్తది జారీ చేయవచ్చు. యార్డులో కొనేవారు ఈ కొత్త ఆర్.సి. చేతికి వచ్చిన తరువాతే పూర్తి సొమ్ము చెల్లించడం క్షేమం. "వేలం రసీదు చాలు" అన్న మాట చాలదు. రుణం తీరిపోయినా ఫారం 35 ద్వారా హైపోథికేషన్ రద్దు చేయించని వాహనాలు కూడా ఎన్నో ఉంటాయి. ఆ ఒక్క కాగితం కోసం బదలాయింపు ఏళ్ళ తరబడి ఆగిపోతుంది.

ఇతర రాష్ట్రాల వాహనాలు

మదనపల్లెకు చెందిన ఒక యువకుడు బెంగళూరులో కర్ణాటక నంబరు గల పాత ఎక్స్‌పల్స్ కొన్నాడనుకుందాం. ఆర్.సి. లేదు, యజమాని మాత్రం అందుబాటులో ఉన్నాడు. ముందుగా ఆ యజమాని కర్ణాటకలోని తన రవాణా కార్యాలయంలో నకలు ఆర్.సి. పొందాలి. తరువాత ఫారం 28 ద్వారా నిరభ్యంతర పత్రానికి దరఖాస్తు చేయాలి. ఆ పత్రం ఇచ్చే ముందు వాహనం మీద దొంగతనం కేసు ఏదీ లేదని పోలీసుల నుంచి నివేదిక తెప్పించుకోవాలనీ, పన్ను బకాయిలు లేవని చూసుకోవాలనీ 48వ సెక్షన్ అధికారిని ఆదేశిస్తున్నది. అంటే నిరభ్యంతర పత్రం అన్నది కొనేవానికి ఒక విధమైన రక్షణ కవచం. దానిని తప్పించుకునే దారి చూపేవారు ఎందుకు చూపుతున్నారో ఆలోచించుకోవాలి. పత్రం వచ్చిన తరువాత మన రాష్ట్రంలో ఫారం 27, 29, 30 సమర్పించి, వాహనం వయసును బట్టి జీవితకాల పన్ను చెల్లిస్తే కొత్త నంబరు వస్తుంది. పన్నెండు నెలలకు మించి ఇతర రాష్ట్రంలో ఉంచిన వాహనానికి కొత్త నంబరు తప్పనిసరి అని 47వ సెక్షన్ పేర్కొన్నది.

తెలుగు రాష్ట్రాల విభజన వల్ల ఏర్పడిన ఒక ప్రత్యేక పరిస్థితి ఇక్కడ చెప్పుకోవాలి. 2014 జూన్ 2కు ముందు నమోదైన వాహనాలన్నింటికీ 'ఏపీ' అక్షరాలే ఉన్నాయి. ఏపీ-09 హైదరాబాదుది, ఏపీ-28 రంగారెడ్డిది. అక్షరాలు ఏపీ అయినా ఆ రికార్డులు నేడు తెలంగాణ రవాణా శాఖ వద్దనే ఉన్నాయి. కనుక ఏపీ-09 బండిని విజయవాడలో కొన్నవారు నిరభ్యంతర పత్రం కోసం హైదరాబాదుకే వెళ్ళాలి. విభజన అనంతరం తెలంగాణలో నమోదైనవాటికి 'టీఎస్', 2024 మార్చి నుంచి 'టీజీ' అక్షరాలు వచ్చాయి.

నంబరు తెలియని వాహనం

ప్లేటు లేదు, ఆర్.సి. లేదు, అమ్మేవానికి పాత యజమాని ఎవరో తెలియదు. ఈ స్థితిలో ఉన్న వాహనాన్ని "కొత్తగా రిజిస్ట్రేషన్ చేయించుకుందాం" అనుకోవడం వృథా. పూర్వపు రిజిస్ట్రేషన్ వివరాలు ఇవ్వని దరఖాస్తును, లేదా వాహనం దొంగసొత్తు అని నమ్మడానికి కారణం ఉన్న దరఖాస్తును తిరస్కరించే అధికారం 45వ సెక్షన్ రిజిస్ట్రేషన్ అధికారికి ఇచ్చింది. తిరస్కరిస్తే కారణాలతో కూడిన ఉత్తర్వు ప్రతిని దరఖాస్తుదారుకు ఇవ్వాలి. నోటిమాటగా "కాదు" అని పంపివేసినచో ఆ ఉత్తర్వు కోసం లిఖితపూర్వకంగా అడగడం పౌరుని హక్కు.

అంతకంటె ముఖ్యమైనది, ఇటువంటి వాహనం దొంగసొత్తు అయి ఉండే అవకాశం. దొంగసొత్తు అని తెలిసి గాని, అలా నమ్మడానికి కారణం ఉండి గాని దురుద్దేశంతో తీసుకోవడం, ఉంచుకోవడం భారతీయ న్యాయ సంహిత, 2023లోని 317వ సెక్షన్ కింద నేరం. మూడేళ్ళ వరకు జైలు శిక్ష పడవచ్చు. మార్కెట్ ధరలో నాలుగో వంతుకు, రాత్రిపూట, కాగితాలు లేకుండా కొన్న వ్యక్తి "నాకు తెలియదు" అంటే న్యాయస్థానం దానిని ఎలా చూస్తుందో ఊహించుకోవచ్చు. "కొనబోతే కొరివి, అమ్మబోతే అడవి" అన్న సామెత ధరల గురించి పుట్టినదే అయినా, ఈ బేరంలో కొరివి నిజంగానే చేతికి అంటుకుంటుంది.

ఇప్పటికే అటువంటి వాహనం చేతిలో ఉన్నవారు ఏమి చేయాలి? అమ్మినవాని వివరాలు, డబ్బు చెల్లించిన ఆధారం, ఛాసిస్ ముద్రతో సహా సమీప పోలీసు స్టేషన్‌లో లిఖితపూర్వకంగా తెలియజేసి రసీదు తీసుకోవాలి. వాహనం పోతుందేమోనన్న భయం సహజమే. పోవచ్చు కూడా. కాని తానుగా చెప్పినవారికి, పట్టుబడినవారికి మధ్య తేడా ఎంతో ఉంటుంది. వాహనాన్ని మరొకరికి అంటగట్టి చేతులు దులుపుకోవడం ఆ సమస్యను రెండింతలు చేయడమే అవుతుంది. ఛాసిస్ సంఖ్య చెరిగి ఉన్నా, పోలీసులు ఇంజను సంఖ్య ద్వారా, తయారీదారు రికార్డుల ద్వారా అసలు యజమానిని గుర్తించే ప్రయత్నం చేస్తారు. దొంగతనం జరిగి బీమా సొమ్ము చెల్లింపు పూర్తయి ఉంటే ఆ వాహనం మీద హక్కు బీమా సంస్థకు చెందవచ్చు.

వేలంపాట అన్న రాజమార్గం

కాగితాలు లేని వాహనానికి చట్టబద్ధంగా కాగితాలు పుట్టే మార్గం ఒకటున్నది. అది ప్రభుత్వ వేలంపాట. వదిలివేసిన, హక్కుదారు తేలని వాహనాలను పోలీసులు స్వాధీనం చేసుకున్నప్పుడు ప్రకటన ఇచ్చి, ఆరు నెలల్లో హక్కుదారులెవరూ ముందుకు రాకపోతే వాటిని వేలం వేసే ఏర్పాటు చట్టంలో ఉన్నది. ఇదివరకు నేర విచారణ స్మృతిలో ఉన్న ఈ నిబంధనలు 2024 జూలై 1 నుంచి భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 503, 504 సెక్షన్లలో ఉన్నాయి. హైదరాబాదు వంటి నగర కమిషనరేట్ల పరిధిలో హైదరాబాదు నగర పోలీసు చట్టం, 1348 ఫస్లీ కింద ఇటువంటి ప్రకటనలు పత్రికల్లో తరచు వెలువడుతుంటాయి. బండి పోగొట్టుకున్నవారు వాటిని చదివే అలవాటు చేసుకుంటే తమ వాహనం తమకు దక్కే అవకాశం ఉన్నది.

ఇలా వేలంలో కొన్నవారు వాహనం స్వాధీనమైన 30 రోజుల్లో 57వ నియమం కింద ఫారం 32లో దరఖాస్తు చేయాలి. వేలం నిర్వహించిన అధికారి సంతకం చేసిన విక్రయ ధ్రువీకరణ, వేలానికి అనుమతినిచ్చిన ప్రభుత్వ ఉత్తర్వు ధ్రువీకృత ప్రతి జతపరచాలి. నంబరు లేని, లేదా ఉన్న నంబరు బూటకమని తేలిన వాహనమైతే, ముందుగా వేలం వేసిన ప్రభుత్వ శాఖ పేరిట కొత్త నంబరు కేటాయించి, ఆ తరువాత కొన్నవారి పేరిట బదలాయింపు నమోదు చేస్తారు. వాహనాన్ని తనిఖీకి చూపవలసి ఉంటుంది. అనామక వాహనం మళ్ళీ పేరు తెచ్చుకునేది ఇక్కడే. అయితే వేలం ప్రకటనను జాగ్రత్తగా చదవాలి. తిరిగి వాడకానికి కాక, తుక్కుగా మాత్రమే అమ్ముతున్నట్లు పేర్కొన్న వాహనాన్ని కొని రిజిస్ట్రేషన్ కోరడం సాధ్యం కాదు.

సైన్యం విక్రయించే పాత మోటారు సైకిళ్ళ విషయంలో సంబంధిత సైనికాధికారులు ఫారం 21లో ఇచ్చే అసలు విక్రయ పత్రం 47వ నియమం ప్రకారం తప్పనిసరి. "మిలిటరీ డిస్పోజల్ బండి" అని చెప్పి ఆ పత్రం చూపలేని వారి వద్ద కొనరాదు. ఇక ప్రభుత్వ శాఖల వాహనాల విషయంలో 2023 ఏప్రిల్ 1 నుంచి కొత్త నిబంధన వచ్చింది. పదిహేనేళ్ళు నిండిన ప్రభుత్వ వాహనాల రిజిస్ట్రేషన్ పునరుద్ధరణ ఉండదు. అవి నమోదిత తుక్కు కేంద్రాలకే వెళ్ళాలి. కనుక అటవీ శాఖలోనో, మరో శాఖలోనో పనిచేసి రిటైరైన బండి అని చెప్పి ఇరవై ఏళ్ళ వాహనాన్ని ఇప్పుడు అమ్మజూపితే అనుమానించవలసిందే.

యాభై ఏళ్ళు దాటిన వాహనాలకు 2021లో వింటేజి నిబంధనలు వచ్చాయి. కొత్త నమోదుకు 20,000 రూపాయల రుసుము, పదేళ్ళ చెల్లుబాటు, 'వీఏ' అక్షరాలతో ప్రత్యేక నంబరు. ప్రదర్శనలకు, ర్యాలీలకు తప్ప రోజువారీ వాడకానికి వీలులేదు. ఇంతకుముందే నమోదైన వాహనమైతే పాత ఆర్.సి. ఇక్కడ కూడా అడుగుతారు.

అమ్మినవారికి ఒక హెచ్చరిక

ఇంతవరకు కొనేవారి గురించి చెప్పుకున్నాం. నిజానికి కాగితాలు లేకుండా బండి ఇచ్చివేసినవారి ప్రమాదం ఇంకా పెద్దది. 2018 ఫిబ్రవరి 6న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం, వాహనం ఎన్ని చేతులు మారినా రిజిస్ట్రేషన్ రికార్డులో ఎవరి పేరు ఉన్నదో వారే ప్రమాద పరిహారం విషయంలో యజమాని. ఐదేళ్ళ కిందట మెకానిక్‌కు ఇచ్చివేసిన పాత బండి ఎక్కడో ఒక మనిషిని ఢీకొంటే, బీమా లేకపోతే, లక్షల రూపాయల పరిహారం చెల్లించమని ట్రిబ్యునల్ నోటీసు వచ్చేది ఆ పాత యజమాని ఇంటికే. గాయపడిన కుటుంబానికి కూడా పరిహారం అందడం దుర్లభమవుతుంది. ఫారం 29 మీద ఒక సంతకం చేసి, ఆ ప్రతిని కార్యాలయంలో అందజేసి రసీదు దాచుకోవడానికి అరపూట చాలు.

2023 ఏప్రిల్ 1 నుంచి పాత వాహనాల వ్యాపారులు రవాణా శాఖ నుంచి అధికార పత్రం తీసుకోవాలన్న నియమాలు అమలులోకి వచ్చాయి. యజమాని తన వాహనాన్ని అధీకృత వ్యాపారికి అప్పగించినట్లు శాఖకు సమాచారం ఇస్తే, ఆ తరువాతి బాధ్యత వ్యాపారిది అవుతుంది. నకలు ఆర్.సి., నిరభ్యంతర పత్రం, బదలాయింపు వంటి దరఖాస్తులు కూడా ఆ వ్యాపారే చేయవచ్చు. అధికార పత్రం ఉన్న వ్యాపారి వద్ద కొనడం వల్ల ధర కొంత హెచ్చు కావచ్చు గాని, ఈ వ్యాసంలో చెప్పిన చిక్కుల్లో ఎక్కువ భాగం ఆయన భుజాల మీదికి పోతాయి.

రుసుములు, గడువులు, శిక్షలు

మోటారు సైకిల్ కొత్త రిజిస్ట్రేషన్‌కు కేంద్ర నియమావళి నిర్ణయించిన రుసుము 300 రూపాయలు. నకలు ఆర్.సి.కి, బదలాయింపుకు అందులో సగం. వీటికి రాష్ట్ర సేవా రుసుములు, కార్డు ఖర్చు తోడవుతాయి. దళారులు చెప్పే వేల రూపాయలకు, ఈ అంకెలకు పోలిక లేదన్నది స్పష్టం. పదిహేనేళ్ళు నిండిన సొంత వాహనానికి ఐదేళ్ళ చొప్పున పునరుద్ధరణ చేయించాలి. ఈ రుసుమును 2022 ఏప్రిల్ 1 నుంచి ద్విచక్ర వాహనాలకు 1,000 రూపాయలకు పెంచారు. ఇరవై ఏళ్ళు దాటినవాటికి 2025లో దానిని 2,000 రూపాయలు చేశారు. పాత బండి బేరమాడేటప్పుడు రిజిస్ట్రేషన్ తేదీని చూసుకుంటే ఈ ఖర్చు కూడా లెక్కలోకి వస్తుంది.

రిజిస్ట్రేషన్ లేకుండా నడిపితే 192వ సెక్షన్ కింద మొదటిసారి 2,000 నుంచి 5,000 రూపాయల వరకు జరిమానా, మళ్ళీ పట్టుబడితే ఏడాది వరకు జైలు లేదా 10,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. 207వ సెక్షన్ కింద వాహనాన్ని అక్కడికక్కడే స్వాధీనం చేసుకునే అధికారం ఉన్నది. 146వ సెక్షన్ నిర్దేశించిన మూడవ పక్షం బీమా లేకపోతే శిక్ష వేరు. బదలాయింపు జరిగిన తరువాత 14 రోజుల్లో బీమా పత్రంలో పేరు మార్పు కోసం కొన్నవారు బీమా సంస్థకు దరఖాస్తు చేయాలి.

దరఖాస్తు ఫారాలు రెండు రాష్ట్రాల రవాణా శాఖల వెబ్‌సైట్లలోను, జిల్లా రవాణా కార్యాలయాల్లోను లభిస్తాయి. కార్యాలయానికి వెళ్ళేవారు ఛాసిస్, ఇంజను సంఖ్యల ముద్రలు, చిరునామా రుజువు, అమ్మకందారు సంతకం చేసిన ఫారాలు, ఉన్నంత మేరకు పాత పత్రాలు వెంట తీసుకెళ్ళాలి. రిజిస్ట్రేషన్ లేని వాహనాన్ని నడుపుకుంటూ కార్యాలయానికి రావడం కూడా నేరమే గనుక, తనిఖీకి చూపవలసి వచ్చినప్పుడు దానిని ఆటో ట్రాలీలో గాని, మరొక వాహనంలో గాని చేర్చాలి.